నిలువు గీతకు అవతలి మనుషులు

ముగింపుకు ఇరవై రెండు రోజులు

పొద్దున్నే పైకప్పెక్కి సోలార్ పలకలు తుడిచాను. నిన్నటి గాలికి ఎర్రదుమ్ము పేరుకుపోయింది. ఈ పనికి మా ఆఫీసుకు ఇచ్చేది రోజుకు ఒక చెంబు నీళ్లు. గుడ్డ తడిపి, పిండి, పిండిన నీళ్లతోనే మళ్లీ తడిపి పన్నెండు పలకలూ పూర్తిచేశాను. కిందికి దిగేసరికి యంత్రం లేచి ఉంది. కిటికీ ముందు ఏడుగురు నిలబడి ఉన్నారు.

మంగళవారం కాబట్టి ఎనిమిదో మనిషి ఎవరో నాకు తెలుసు. సూరాడ ఎల్లాజీ. కొండ కింద కొత్త ఒడ్డున ఉప్పుమడుల్లో పనిచేస్తాడు. కాళ్లు మోకాళ్ల దాకా తెల్లగా పగిలి ఉంటాయి. ఆరేళ్లుగా ప్రతి మంగళవారం వచ్చి ఒకటే అడుగుతాడు.

"సూరాడ పోలమ్మ. ఏటైనా తగిలిందేటమ్మా?"

సముద్రం ఊళ్లమీదికి వచ్చిన రోజు, ఆరో నెల కడుపుతో ఉన్న భార్యను అతను సహాయ పడవ ఎక్కించాడు. ఇంకొక్క మనిషి ఎక్కితే ఆ పడవ మునిగేలా ఉంది. తను తర్వాతి పడవలో వచ్చాడు. రెండు పడవలూ ఒకే చోటికి పోలేదు. అది జరిగి పదకొండేళ్లు. ఇప్పుడు మనుషులున్న కొండలు నూట నలభై. రేడియో రోజుకు గంటసేపే పనిచేస్తుంది. ఫలానా మనిషి ఫలానా రేవులో దిగినట్టు పడవ పట్టీలో ఉంటేనే ఆ కొండకు కబురు పంపుతాం. ఊరికే అన్ని కొండలనూ అడగడానికి బ్యాటరీ చాలదు.

ఆ పడవల పట్టీలన్నీ ఒకచోట చేర్చి, ఎవరు ఎక్కడ దిగారో ఒకే జాబితాగా చేయడం నా పని. పదకొండు లక్షల వరుసలు.

యంత్రాన్ని అడిగాను. ఎప్పటి జవాబే.

"లేదన్నా" అన్నాను.

"సరేనమ్మా. ఎల్లొత్తాను" అన్నాడు ఎల్లాజీ. ఎప్పుడూ అంతే. విసుక్కోడు, ఇంకోసారి చూడమనీ అనడు.

సాయంత్రం మా అధికారి విశాలాక్షి గారు మండలి తీర్మానం తెచ్చి గోడకు అంటించారు. ఇరవై రెండు రోజుల తర్వాత పడవ పట్టీలు ఉన్న డిస్కులు తుడిచేసి వానల విభాగానికి ఇస్తారు. కొత్త డిస్కులు చేసేవాళ్లు ఎక్కడా లేరు. కిందటేడు వాన ముప్పును ముందుగా చెప్పే దిక్కు లేక ఒక కొండ విరిగిపడి పద్నాలుగు మంది పోయారు. ఆ తీర్మానాన్ని నేను తప్పు పట్టలేను. ఆ రోజు వరకూ జాబితాలో దొరకనివాళ్లను నీళ్లలో పోయినవాళ్లుగా రాసి, ఒడ్డున నిలబడి వాళ్ల పేర్లు చదువుతారు.

ముగింపుకు పదిహేను రోజులు

ఎల్లాజీ ఈసారి ఒక ఆడమనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. అరవై దాటిన మనిషి, నెత్తిమీద ఎండుచేపల గంప. పేరు మైలపల్లి కామాక్షమ్మ. బోడిమెట్ట నుంచి కూతురి పురిటికి వచ్చిందట. ఉప్పుమడుల దగ్గర మాటల్లో మాటగా తేలింది: ఆ రోజు పోలమ్మ ఎక్కిన పడవలోనే తనూ వచ్చిందని.

"దారంతా వాంతులే పాపం ఆ పిల్లకి. నా దుప్పటి కప్పేను. నాలుగు రేవుల్లో ఆగింది పడవ. అప్పుటికి నాకు జొరం, ఒళ్లు తెలీదు. తెలివొచ్చేసరికి పిల్ల లేదు. ఎక్కడ దిగిపోనాదో ఎరగను" అంది కామాక్షమ్మ.

ఎల్లాజీ ఇంకా దగ్గరికి జరిగాడు. కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె పేరు దొరికితే పడవ ఏదో తెలుస్తుంది, పడవ తెలిస్తే పట్టీ చూడవచ్చు. అందుకని మైలపల్లి కామాక్షమ్మ అని కొట్టాను.

లేదు అంది యంత్రం.

అక్షరాలు మార్చి మళ్లీ కొట్టాను. లేదు.

"ఏటంటాది?" అని అడిగింది ఆమె.

"మీ పేరు లేదంటోందమ్మా."

"నాను లేనా? నీ ఎదర నిలబడ్డాను కదేటి! చేపలమ్ముకుంటన్నాను కదేటి!" అని నవ్వింది. వరుసలో ఉన్నవాళ్లూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బోడిమెట్ట వాళ్లు ఆమెకు పడవ చీటీ చూసే ఇల్లిచ్చారు. ఆ చీటీ ఆమె చీరకొంగు ముడిలోనే ఉంది. విప్పి చూపించింది. పడవ నంబరు 317.

ఆరేళ్లలో మొదటిసారి జాబితాను వదిలి, అసలు పట్టీ తెరిచి కళ్లతో చదివాను. 317 పట్టీ తొంభై ఆరు వరుసలు. పదకొండో వరుసలో ఉంది:

కామాక్షమ్మ, మైలపల్లి

పేరు ముందు, ఇంటిపేరు వెనక. ఆ పడవ నడిపినవాళ్లు బయటి రాష్ట్రం వాళ్లు. వాళ్ల అలవాటు ప్రకారం రాసుకున్నారు. అలాంటి పట్టీలున్నాయని నాకు ఎప్పుడో తెలుసు. వాటికోసమే ప్యాటర్న్ మార్చాను కూడా. మరి ఎందుకు రాలేదు?

కళ్లు ఇంకా కిందికి జరిగాయి. నలభయ్యో వరుస.

పోలమ్మ, సూరాడ

ఎదురుగా చువ్వ పట్టుకుని ఆమె భర్త నిలబడి ఉన్నాడు. ఆ వరుస చివర దిగిన రేవు కూడా ఉంది: వేటమామిడి. పైకి చదివాను. మళ్లీ చదివాను.

ఎల్లాజీ చువ్వ వదల్లేదు. "ఇన్నాళ్లూ ఇందులోనే ఉందా అమ్మా?" అన్నాడు. నిందించినట్టు లేదు. నిజంగానే తెలియక అడిగాడు.

ఉంది అన్నాను.

ముగింపుకు పద్నాలుగు రోజులు

రేడియో గంటలో వేటమామిడికి కబురు పంపాను. అక్కడి రేడియో రెండు వారాలకోసారే పలుకుతుంది. పోలమ్మ ఆ రేవులో దిగిందన్నదే మనకు తెలిసింది, ఆ తర్వాత సంగతి తెలియదని ఎల్లాజీకి రెండుసార్లు చెప్పాను. తల ఊపాడు. విన్నాడో లేదో.

తర్వాత తలుపు వేసుకుని నేను రాసినదాన్ని నేనే చదువుకున్నాను. తప్పు దొరకడానికి పావుగంట పట్టింది. ఇక్కడ వివరంగా రాస్తున్నాను, నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్లు చదవాలి కాబట్టి.

ప్యాటర్న్ అంటే యంత్రానికి చెప్పే ఆనవాలు. ఈ రూపంలో ఉన్న వరుసను పట్టుకో, బ్రాకెట్ల మధ్య పడిన ముక్కలు విడిగా తీసిపెట్టు అని చెబుతాం. అలా తీసిన ఒక్కో ముక్క ఒక్కో గ్రూపు. మొదట్లో నేను రాసింది ఒకే రూపం. ఒకటో గ్రూపులో ఇంటిపేరు, రెండో గ్రూపులో పేరు. బయటివాళ్లు తిరగేసి రాశారని తెలిశాక పక్కన ఒక నిలువు గీత గీసి రెండో రూపం కలిపాను. నిలువు గీత అంటే యంత్రం భాషలో 'లేదా'.

(ఇంటిపేరు) (పేరు) | (పేరు), (ఇంటిపేరు)

గీతకు ఎటు ఉన్న రూపం దొరికినా ముక్కలు ఒకటి, రెండు గ్రూపుల్లోనే పడతాయనుకున్నాను. యంత్రం అలా చూడదు. గీతను పట్టించుకోకుండా ఎడమ నుంచి కుడికి బ్రాకెట్లు లెక్కపెట్టుకుంటూ పోతుంది. గీతకు అవతలున్నవి దానికి మూడు, నాలుగు. రెండో రూపంలో వరుస దొరికినప్పుడు పేరు మూడులో పడుతుంది, ఇంటిపేరు నాలుగులో పడుతుంది. ఒకటి, రెండు ఖాళీగా ఉండిపోతాయి.

జాబితా తయారుచేసే భాగాన్ని నేను మార్చలేదు. అది ఒకటి, రెండు మాత్రమే చూసింది. ఖాళీ. పేరులేని వరుస కదా అని పక్కన పడేసింది.

యంత్రం వాళ్లందరినీ పట్టుకుంది. పట్టుకుని పక్కన పెట్టింది. ఆ చోటు నేను చూడలేదు.

రెండో రూపం కలిపిన రోజు దొరికిన వరుసల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. ఆ అంకె చూసి సంబరపడి అందరికీ బెల్లం పంచాను. లోపలికి తొంగి ఒక్క పేరు చదివి ఉంటే తెలిసిపోయేది.

ఖాళీ వరుసలు నలభై ఒక్క వేల మూడు వందల ఆరు. ఏటా నివేదికలో ఆ అంకె ఉంటూనే ఉంది. తడిసిపోయిన పట్టీలు అని రాసుకుంటూ వచ్చాం.

ముగింపుకు పదమూడు రోజులు

విశాలాక్షి గారికి చెప్పాను. ఆవిడ చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ప్రతి ఏడూ ఆ నివేదిక మీద సంతకం నాదే హేమా. ఖాళీలు ఇన్నెందుకున్నాయని నేనూ అడగలేదు" అన్నారు.

"మండలికి మనం రాసే కాగితంలో నా పేరు రాయండి మేడమ్. పొట్నూరి హేమలత చేసిన తప్పు అని."

"రాస్తాను. కింద నాదీ రాస్తాను. ఇప్పుడు ఏడవకు. సరిచేయడానికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పు."

పక్కన పడేసిన వరుసల అంకె మాత్రమే మిగిలింది, వరుసలు మిగల్లేదు. అంటే పదకొండు లక్షలూ మొదటి నుంచి మళ్లీ చదివించాలి. ఎండ బాగా ఉంటే ఏడు రోజులు. మా జాబితా ప్రతులే అన్ని కొండలకూ వెళతాయి కాబట్టి ఈ తప్పు నూట నలభై కిటికీల దగ్గరా ఉంది.

ముగింపుకు పన్నెండు రోజులు

తొందరపాటు మనిషిని వదలదు. ఒకటి, రెండు ఖాళీ అయితే మూడు, నాలుగు తీసుకో అని రాసి 317 పట్టీ మీద నడిపాను. తొంభై ఆరు మందీ వచ్చారు. సూరాడ పోలమ్మ అని అడిగితే మాత్రం మళ్లీ లేదంది. మధ్యాహ్నం దాకా వెతికితే తెలిసింది: రెండో రూపంలో పేరే ముందు కదా. వరుసగా మూడు, నాలుగు తీసుకుంటే పోలమ్మ ఇంటిపేరు అయిపోతోంది, సూరాడ పేరు అయిపోతోంది.

మార్చి రాశాను. ఇంటిపేరు ఒకటిలో లేకపోతే నాలుగులో చూడు. పేరు రెండులో లేకపోతే మూడులో చూడు. ఈసారి అంకెను నమ్మలేదు. తొంభై ఆరు పేర్లూ నేను పైకి చదువుతుంటే విశాలాక్షి గారు పట్టీలో వేలు పెట్టి సరిచూశారు. తర్వాత ఇంటిపేరు ముందున్న ఇంకో పడవ పట్టీ తీసి అదీ అలాగే చదివాం.

సాయంత్రం నుంచి మొత్తం నడపడం మొదలుపెట్టాను.

ముగింపుకు పది రోజులు

మండలి సభ. మబ్బు పడితే పని ఆగిపోతుందని, ముగింపును నాలుగు రోజులు వాయిదా వేయమని విశాలాక్షి గారు అడిగారు. వానల విభాగం పెద్దాయన లేచి చేతులు జోడించాడు. "ఒక్కరోజు కూడా ఇవ్వలేనమ్మా. మబ్బు ముందే వస్తోంది. మీరు వెతికేది పదకొండేళ్ల నాటి మనుషుల్ని. నేను కాపలా కాసేది ఈ నెలలో ఉండే మనుషుల్ని." ఆయన మాటల్లో కోపం లేదు.

తర్వాత నన్ను పిలిచారు. ఏం జరిగిందో జనానికి చెప్పాను. బ్రాకెట్ల సంగతి ఎక్కువ చెప్పలేదు. మీవాళ్ల పేర్లు మా దగ్గర ఉండగానే లేవని చెబుతూ వచ్చాను, అది నా తప్పు అన్నాను.

వెనక వరుసలోంచి పూడి అప్పలస్వామి లేచాడు. మగ్గం నేస్తాడు, యాభై ఏళ్ల మనిషి. తమ్ముడు లచ్చయ్య కోసం ఐదేళ్లు నా కిటికీకి వచ్చాడు. ఆరు నెలలుగా రావడం మానేశాడు.

"తమ్ముడికి పిండం పెట్టేసేను" అన్నాడు. "నువ్వు లేడన్నావు గాబట్టి పెట్టేను. బతికున్నోడికి పిండం పెట్టించేవా నాచేత?"

"బతికున్నాడో లేదో నాకు తెలీదు అప్పలస్వామి గారూ. నా మాట వినే పెట్టారన్నది మాత్రం నిజం."

అతను నా వంక చూసి, కండువా దులిపి, సభలోంచి వెళ్లిపోయాడు.

ముగింపుకు ఆరు రోజులు

మబ్బు పట్టింది. నిన్న యంత్రం మూడు గంటలే నడిచింది, ఈరోజు గంటన్నర. ఇంకా నాలుగున్నర లక్షల వరుసలున్నాయి. ఇలాగైతే ఇది నెలైనా తెమలదు. పైకప్పు మీద కూర్చుని మబ్బును చూస్తూ ఉండిపోయాను. తుడవడానికి దుమ్ము కూడా లేదు.

ముగింపుకు ఐదు రోజులు

పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికి మెట్ల మీద అప్పలస్వామి కూర్చుని ఉన్నాడు. పక్కన అతని ఇంటి బ్యాటరీ. ఇంటికి ఒకటే ఇస్తారు. పొయ్యికీ దీపానికీ మంచినీళ్ల వడపోతకూ అదే ఆధారం. లోపలికి తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

అరగంటకు ఎల్లాజీ కావడిలో నాలుగు మోసుకొచ్చాడు. "ఉప్పుమడోళ్లవి. ఈ ఐదు రోజులూ పచ్చివీ నానబెట్టినవీ తింటాం లెండి" అన్నాడు. కామాక్షమ్మ అల్లుడు రెండు తెచ్చాడు. మధ్యాహ్నానికి వరండా నిండిపోయింది. ఏది ఎవరిదో తెలియాలని ఒక్కోదానికీ గుడ్డపేలిక కట్టి ఇంటిపేరు రాశాను. నూట పన్నెండు.

యంత్రం ఆగకుండా నడుస్తోంది.

ముగింపుకు మూడు రోజులు

వేటమామిడి పలికింది. రేడియో నడిపే ఆయన మాట గరగరలాడుతూ వచ్చింది. సూరాడ పోలమ్మ ఉంది, తాళ్లు పేనుతుంది, పదేళ్ల కూతురుంది, పిలుచుకురావడానికి మనిషి వెళ్లాడు అన్నాడు. ఆయన ఇంకోటి కూడా చెప్పాడు. ప్రతి ఏడూ అక్కడి కిటికీకి వచ్చి పోలమ్మ తన భర్త పేరు అడుగుతుందట. ఎల్లాజీ పడవ పట్టీ కూడా తిరగేసి రాసిందే. ఆమెకూ ప్రతి ఏడూ లేడనే చెప్పారు.

ఎల్లాజీని మడుల్లోంచి పరుగున పిలిపించాం. కాళ్లకు ఉప్పు బురదతోనే వచ్చి రేడియో ముందు నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. అవతల అలికిడి అయింది. ఎవరో ఊపిరి పీల్చుకుంటున్న చప్పుడు.

"మాట్లాడన్నా" అన్నాను.

అతను రేడియో మీదికి వంగాడు. గంటలో ఇంకా ఏడు నిమిషాలే ఉన్నాయి. చివరికి అన్నాడు:

"ఏటి వండేవు ఈయేల?"

అవతల ఒక ఆడగొంతు, "పదకొండేళ్లకి దొరికి ఇదేటి అడగడం!" అని కసిరి, ఆ కసురులోనే ఏడ్చేసింది. "గంజి కాసేను. నువ్వు తిన్నావా?"

"లేదు. తింటాను."

"సన్నబడ్డావేటి? గొంతు అలాగున్నాది."

విశాలాక్షి గారు నన్ను భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చేశారు.

ముగింపుకు ఒక రోజు

పొద్దున తొమ్మిదికి చివరి వరుస చదవడం పూర్తయింది. ముప్పై తొమ్మిది వేల ఎనిమిది వందల మంది పేర్లతో తేలారు. మిగిలినవి నిజంగానే తడిసిన పట్టీలు. కొత్త జాబితా ప్రతులు పడవలకు ఎక్కించాం. బ్యాటరీలు ఎవరివి వాళ్లకు ఇచ్చేశాం.

ముగింపు

డిస్కులు వానల విభాగానికి అప్పగించి రసీదు తీసుకున్నాను. మధ్యాహ్నం ఒడ్డున పేర్లు చదివారు. చదవాల్సినవి తక్కువే మిగిలాయి. సగంలో ఉండగా వాన మొదలైంది.

ముగిసిన నాలుగో రోజు

కిటికీ తెరిచాను. ఇప్పుడు వచ్చేవాళ్లకు నేను రెండు రకాల కబుర్లు చెప్పాలి: ఒకటి ఉన్నారని, రెండోది ఒడ్డున దిగాక పోయారని. రెండో రకం ఎక్కువ లేవు. ఒక్కటైనా చెప్పడం కష్టమే.

అప్పలస్వామి వచ్చాడు. నేనే లేచి బయటికి వెళ్లి మెట్ల మీద పక్కన కూర్చున్నాను.

"లచ్చయ్య గుమ్మడిగట్టు రేవులో దిగాడు. అక్కడివాళ్లు నిన్న రేడియోలో చెప్పారు. నాలుగేళ్ల కిందట జ్వరంతో పోయాడట అప్పలస్వామి గారూ."

అతను చేతి వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. ఒకసారి లెక్కపెట్టి, మళ్లీ మొదటి నుంచి.

"నాలుగేళ్ల కితం అంటే... ఏడేళ్లు బతికేడా?"

"ఏడేళ్లు."

"పడవ ఎక్కిన నాడే పోనాడనుకున్నాను." వాన చినుకులు మెట్ల మీద పడుతున్నాయి, అతను జరగలేదు. "నాను పిండం పెట్టింది పోనోడికేనన్నమాట. అది తప్పు కాలేదు." తర్వాత అడిగాడు. "ఆ ఏడేళ్లూ ఆడేటి సేసేవోడో కనుక్కుంటావా?"

రేడియో నియమాల్లో అలాంటి కబురుకు చోటు లేదు. విశాలాక్షి గారి వంక చూశాను. ఆవిడ వేరే వైపు తిరిగారు. పంపాను.

ముగిసిన ఆరో రోజు

గుమ్మడిగట్టు నుంచి జవాబు వచ్చింది. నేను రాసుకున్నది రాసుకున్నట్టే అప్పలస్వామికి చదివి వినిపించాను. "పూడి లచ్చయ్య ఇక్కడ పిల్లలకు ఈత నేర్పేవాడు. ఈ కొండ మీద పిల్లలందరికీ వచ్చిన ఈత ఆయన నేర్పిందే."

"ఇంకోసారి సదువు" అన్నాడు. చదివాను.

అప్పలస్వామి నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు ఊగేలా నవ్వి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"ఆడికి ఈత రాదమ్మా. నీళ్లంటే బయం. సెరువులో కాలెట్టేవోడు కాదు. ఆ రోజు పడవెక్కించడానికి నాను ఎత్తి ఏసేను" అన్నాడు. "అక్కడికెళ్లి నేర్సుకున్నాడన్నమాట ఎదవ."

కాగితం అడిగి తీసుకున్నాడు. అతనికి చదవడం రాదు. నాలుగు మడతలు పెట్టి మొలలో దోపుకుని, వానలోనే దిగువకు నడిచాడు. వరుసలో తర్వాతి మనిషి కిటికీ దగ్గరకు వచ్చి పేరు చెప్పింది. ఆవిడ పేరు ముందు చెప్పి, ఇంటిపేరు తర్వాత చెప్పింది. ఏది ఏదో అడిగి తెలుసుకుని రాసుకున్నాను.